ఆఖరి నిమిషంలో చప్పట్లు

"ఇదేటి డాన్సు? పడతాది, లేస్తాది, మళ్లీ పడతాది," అన్నారెవరో వెనక వరుసలోంచి. చుట్టుపక్కల పదిమంది నవ్వారు.

ముందు వరుసలో కూర్చున్న నగరేశ్వరరావుకి ఒళ్లు మండిపోయింది.

రాజాంలో స్టీలు సామాన్ల కొట్టు ఆయనది. ఊరి సాంస్కృతిక సంఘానికి కార్యదర్శి కూడా. ఏటా వార్షికోత్సవానికి అవే సినిమా పాటలు, అదే మిమిక్రీ. ఈసారి కొత్తది తెద్దామని కమిటీతో పోట్లాడి మరీ విజయనగరం నుంచి శైలజని పిలిపించాడు. జూట్ మిల్లులో పనిచేసే ఆడమనిషి బతుకుని ముప్పావుగంట సేపు ఒక్కతే ఆడి చూపిస్తుందని అందరికీ చెప్పాడు. తేడా వస్తే వచ్చే ఏడు కార్యదర్శి పని ఇంకెవరైనా చూసుకుంటారని ప్రెసిడెంటు జగన్నాధం ఆ రోజే తేల్చేశాడు.

తేడా వచ్చేసింది.

గజ్జెలు లేవు. నగలు లేవు. మట్టిరంగు చీర గోచీ పోసి కట్టుకుని శైలజ వంగుతోంది, మెలి తిరుగుతోంది, నేల మీద దొర్లుతోంది. మ్యూజిక్ అంటే మిల్లు యంత్రాల రొద. మధ్యమధ్యలో అదీ ఆగిపోతుంది. ఆగినప్పుడల్లా సౌండు పోయిందని ఎవరో ఒకరు అరుస్తున్నారు. మూడో వరుసలో ఒకాయన ఫోనులో ధాన్యం బేరం సాగిస్తున్నాడు. ఒక కుటుంబం మొత్తం లేచి, కుర్చీలు కిర్రుమనిపిస్తూ వెళ్లిపోయింది.

శైలజ చెల్లెలు అనూరాధ హాలు చివర లాప్‌టాప్ ముందు కూర్చుని మ్యూజిక్ నడుపుతోంది. అప్పటికే రెండుసార్లు నగరేశ్వరరావు దగ్గరికొచ్చింది. ఫోన్లు ఆపించమని ఒకసారి. స్టేజి మెట్లెక్కి ఆడుతున్న పిల్లల్ని దింపించమని ఇంకోసారి. రెండుసార్లూ ఆయన లేచి, జనం వైపు తిరిగి చేతులు జోడించాడు.

"నువ్వు కూకో బావా, నువ్వే అడ్డమొస్తన్నావు," అన్నాడు ధాన్యం బేరం ఆయన. మళ్లీ నవ్వులు.

జగన్నాధం పక్కకి వంగి, మర్యాదగా ఇక్కడితో ఆపించెయ్యమన్నాడు. నగరేశ్వరరావు కుర్చీలోంచి కదల్లేదు. నిజానికి ఆ డాన్సు ఆయనకీ పెద్దగా అర్థం కావడం లేదు. జనం మీద కోపం కన్నా ఆ సంగతే ఆయన్ని ఎక్కువ తొలుస్తోంది.

అంతలో మ్యూజిక్ మళ్లీ ఆగింది.

శైలజ స్టేజి మధ్యలో మోకాళ్ల మీద కూలబడింది. ఒక చేత్తో గొంతు పట్టుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నోరు తెరిచింది గానీ మాట లేదు. ఈసారి సౌండు గురించి ఎవరూ అరవలేదు. ఆమె ఊపిరి బుసలు ముందు వరుసల దాకా వినబడుతున్నాయి. పక్కకి ఒరిగిపోయి, మోచేతి మీద లేచి, పాక్కుంటూ స్టేజి అంచుకొచ్చింది. ముందు వరుస వైపు చెయ్యి చాపింది. కళ్లు నేరుగా నగరేశ్వరరావు మీదే ఉన్నాయి.

ఆయనకి రోమాలు నిక్కబొడుచుకున్నాయి. మిల్లు దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న ఆడవాళ్లని ఆయన ఎంతమందిని చూడలేదు. సాయంత్రం నుంచీ మొదటిసారి ఆయనకి డాన్సు అర్థమైంది. వెనక్కి తిరిగి చూశాడు. హాలులో కదలిక లేదు. ధాన్యం బేరం ఆయన ఫోను దించేసి నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే అనూరాధ కుర్చీల మధ్య నుంచి పరిగెత్తుకొచ్చింది. ఇంకో ఫిర్యాదు. నగరేశ్వరరావుకి విసుగొచ్చింది. లేచి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండమ్మా. ఇప్పుడే గదా జనం సూస్తన్నారు. నువ్వు పాడుసెయ్యకు."

ఆమె ఏదో చెప్పింది. వెనక నుంచి మొదలైన చప్పట్లలో ఆ మాట కొట్టుకుపోయింది. వరుస తర్వాత వరుస హాలంతా లేచి నిలబడింది. అనూరాధ ఆయన చేతిని తోసేసి మెట్లెక్కింది. అక్క తలని ఒళ్లోకి తీసుకుంది. చప్పట్లు రెట్టింపయ్యాయి. అప్పుడు తెలిసింది నగరేశ్వరరావుకి, ఆఖర్లో ఈ అమ్మాయికీ వేషం ఉందని. చేతులారా చెడగొట్టబోయానే అనుకుని నాలిక కరుచుకున్నాడు.

తెర పడ్డా చప్పట్లు ఆగలేదు. జగన్నాధం కళ్లు తుడుచుకుంటూ ఆయన భుజం తట్టాడు. వచ్చే ఏడాది కూడా నువ్వే ఉండాలన్నాడు.

నగరేశ్వరరావు శాలువా పట్టుకుని స్టేజి వెనక్కి వెళ్లాడు. గది తలుపు దగ్గరగా వేసి ఉంది. అనూరాధ బయటికొచ్చింది. తను అడ్డుపడినందుకు ఏమీ అనుకోవద్దని ఆయన బతిమాలుకున్నాడు. అలాంటి ముగింపు తన జన్మలో చూడలేదన్నాడు. సాలూరులో తన బావమరిది సంఘం ఉందని, వచ్చే నెల అక్కడ కూడా ఆ ఆఖరి ఘట్టం అచ్చం ఇలాగే చెయ్యాలన్నాడు. శైలజ బాగా అలిసిపోయిందేమోనని అడిగాడు.

ఇప్పుడు కాస్త తేరుకుందని చెప్పింది అనూరాధ. ఆయన చేతిలో శాలువా వైపు చూసింది. 

"మ్యూజిక్ ఆగినప్పుడే డాన్సు అయిపోనాది సార్, ఆ తర్వాత ఊపిరందక అక్క మిమ్మల్ని పిలిసింది."