తోడల్లుడి నాలుక

మా పెద్ద తోడల్లుడు వైన్ తాగడు, పరీక్షిస్తాడు. ఆయన భోజనానికొస్తున్నాడని మొదటిసారి వైన్ కొట్టుకెళ్ళాను. లేబుళ్ళు అర్థంకాక కొట్టువాణ్ణే బతిమాలాను.

"చవకగా, పుల్లగా, ప్రాణం లేచొచ్చేలా ఏదైనా తెల్లది ఇవ్వు బాబూ."

మధ్యాహ్నం ఆయన సోఫాలో కూర్చుని, మా ఆవిడ అందించిన పొడుగుకాడ గ్లాసును గిరగిరా తిప్పాడు. వాసన చూశాడు. పుక్కిలించి మింగాడు.

"నిమ్మతొక్క! దాని వెనకాలే సముద్రపు ఉప్పుగాలి! పర్లేదోయ్, బాగానే ఎంచావు."

కాలు నేలమీద ఆనలేదు నాకు. వంటింట్లోకెళ్ళి చూస్తే, నేను కొన్న సీసా మూతైనా తీయలేదు.

"ఎండనపడి వచ్చారని ముందు నిమ్మకాయ నీళ్ళిచ్చానండీ," అంది మా ఆవిడ. "ఉప్పెక్కువైందా?"

హాల్లోకి పరిగెత్తాను. "అన్నయ్యగారూ..."

ఆయన చెయ్యెత్తి ఆపాడు. "ఇంక పొయ్యకోయ్, బాగా ఎక్కేసింది. కారు నువ్వే నడపాలి."