వదులైన నాబ్

సెల్‌ఫోన్ మెకానిక్ మల్టీమీటర్ తీగలను, ఏళ్ల తర్వాత ఇవాళే బయటికి తీసిన పాత పవర్ సప్లైకి ఆనించాడు. ఐదు వోల్టులు చూపించింది. వోల్టేజీ మార్చే నాబ్‌ను వేలితో కాస్త కదపగానే అంకె పదకొండుకి ఎగిరింది.

"పొద్దున నా చేతిలో ఫోన్ బోర్డు కాలింది ఇందుకే," అన్నాడు.

"మీ చెల్లెలు కాల్చిందన్న బోర్డులు కూడా దీనిమీదేనా?" అడిగింది భార్య.

అతడు తలూపాడు. మూడు బోర్డులు పోయాయని, చెయ్యి తిరగలేదని చెల్లెల్ని షాపు మాన్పించి ఆరేళ్లయింది. ఆమె మళ్లీ ఆ పని ముట్టుకోలేదు.

భార్యే చెల్లెలికి ఫోన్ కలిపి ఇచ్చింది.

"తప్పు నీది కాదమ్మా. పవర్ సప్లై నాబ్ పాడైంది. ఇప్పుడే తెలిసింది."



"అది వదులైందని అప్పుడే చెప్పాను కదన్నయ్యా."

"చెప్పావా?"

"రెండుసార్లు."

ఎంత ఆలోచించినా అతడికి ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.