సోమరి పాళెం

"కూర్చుని తింటే కొండలైనా కరిగిపోతాయి," అన్నాడు రెవెన్యూ ఇనస్పెక్టరు పద్మనాభయ్య, కుర్చీలో వెనక్కి వాలి.

ఎదురుగా గంజి ముంతతో నిలబడ్డ పోలేరమ్మ నిజమేనన్నట్టు తలూపింది.

నయాపైసలు కొత్తగా వచ్చిన రోజులు. గాలివాన వెలిసి రెండు నెలలైంది. ముత్తుకూరుకు తూర్పున, సముద్రం ఒడ్డున చేపల వేటతో బతికే ఆ పట్టపుపాళెంలో సర్కారువారి గంజి కేంద్రం నడుస్తోంది. దాన్ని ఇంకా నడపాలా, ఎత్తేయాలా అన్నది పద్మనాభయ్య రాసే రిపోర్టు మీద ఉంది.

ఆయనది కోవూరు. తాతల నాటి నుంచీ వరిసేద్యం. ఉద్యోగం ఇటు తోసేదాకా సముద్రం మొహం చూసి ఎరగడు. అయితేనేం, పనిమంతుడు. వచ్చిన రోజే, మూటలకు నేల చెమ్మ తగలకూడదని, ఇసుకలో పడి ఉన్న దుంగలన్నీ తన కూలీల చేత దొర్లించి వరసగా పేర్పించాడు. వాటి మీద బియ్యం మూటలు, మూటల పక్కన తన కుర్చీ, పైన తాటాకు పందిరి. పాళెంవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారే తప్ప ఒక్కడూ వచ్చి చెయ్యి వేయలేదు. వీళ్ళ సోమరితనం ఆనాడే పసిగట్టానంటాడు పద్మనాభయ్య.

నిజంగానే మగవాళ్ళు పొద్దున్నే లేచి గంజి తాగేవాళ్ళు. తాగి, ఇసుకలో కూర్చుని సముద్రాన్ని చూసేవాళ్ళు. మధ్యాహ్నం మళ్ళీ గంజి. మళ్ళీ సముద్రం.

"అలలు లెక్కపెట్టడానికి సర్కారు కూడొకటి!" అని పళ్ళు నూరి, ఒకరోజు పోలేరమ్మ మొగుడు ఆదెయ్యను పిలిపించాడు.

"గాలివానకు మీ తెప్పలు కొట్టుకుపోయినాయా?"

"లేదు సామీ. మా అదృష్టం, ఒక్కటీ పోలేదు."

"వలలు?"

"ఉండాయి."

"ఒంట్లో బాగాలేదా?"

"తమ దయ వల్ల రాళ్ళు తిన్నా అరిగించుకుంటాం."

"మరి వేటకు పోరేమయ్యా?"

ఆదెయ్య తల గోక్కున్నాడు. వెనక నిలబడ్డ పాళెం పెద్దకాపు గట్టిగా దగ్గాడు. ఇనస్పెక్టరును ఎవరూ ఏదీ అడగకూడదనీ, అడిగితే ఉన్న గంజి కూడా ఊడుతుందనీ ఆయన దురాయి వేసి ఉన్నాడు. దురాయి మీరినవాడికి పాళెంలో నిప్పూ నీళ్ళూ పుట్టవు.

"తమరు కూచోనున్నన్నాళ్ళు మేమూ కూచోవాల్సిందే గదా సామీ," అన్నాడు ఆదెయ్య ఎంతో వినయంగా.

పద్మనాభయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంత పొగరా! 'తెప్పలుండీ, వలలుండీ, ఒళ్ళు గట్టిగా ఉండీ, ఉచితపు కూడు మరిగి ఈ జనం పని మానేశారు' అని అక్కడికక్కడే రిపోర్టు రాసి పారేశాడు.

వారం తిరక్కుండా కేంద్రం ఎత్తేయమని ఉత్తరువు వచ్చింది. ఏడుపులూ శాపనార్థాలూ తప్పవని ఇద్దరు పోలీసులను పిలిపించుకుని మరీ, పద్మనాభయ్య దాన్ని గొంతెత్తి చదివాడు.

పాళెమంతా ఈలలు వేసింది. పోలేరమ్మ గంజి ముంత బోర్లించేసి, చేపల గంప దులపడం మొదలుపెట్టింది.

"రేపటి నుంచి గంజి లేదు. అర్థమైందా?" అని అరిచాడు పద్మనాభయ్య.

"అయింది సామీ. తమరు గూడా పోతారు గదా?" అన్నాడు ఆదెయ్య.

"పోతాను."

"మూటలూ, కుర్చీ?"

"అన్నీ!"

ఆ మాట కోసమే కాచుకున్నట్టు మగవాళ్ళంతా ఉరికి వచ్చారు. మిగిలిన మూటలు బండికెక్కించారు. కుర్చీని పద్మనాభయ్యతో సహా ఎత్తి, ఇసుకలో పదిలంగా దించారు. కింది దుంగలు భుజాలకెత్తుకుని నీళ్ళవైపు పరుగు తీశారు.

"చూశారా! గంజి ఆగేసరికి ఒళ్ళెలా వంగిందో!" అన్నాడు పద్మనాభయ్య పోలీసులతో. అంతలో అనుమానం వచ్చి కేక పెట్టాడు. "ఒరే ఆదెయ్యా, ఆ దుంగలెందుకురా, పొయ్యిలోకా?"

ఆదెయ్య పరుగు ఆపకుండానే జవాబు చెప్పాడు.

"పొయ్యిలోకేంది సామీ, కట్లు విప్పి ఆరబెట్టుకున్న మా తెప్పలే గదా, రెండు నెల్లుగా తమరు కుర్చీ ఏసుకోని కూచోనుండింది!"