అద్దం దించని సఫారీ

“కారు దిగితే?” అడిగాడు ఫిలిప్.

“సఫారీ క్యాన్సిల్,” అంది ఏంజెల్.

“అద్దం దించితే?”

“అదీ క్యాన్సిలే.”

“గట్టిగా అరిస్తే?”

ఏంజెల్ పెదాల మీద వేలు పెట్టుకుంది. ఆరేళ్ల పిల్ల. పాలగ్లాసు ముందు పెట్టుకుని ఎంతసేపటి నుంచో దాన్ని చూస్తూ కూర్చుంది. మీగడ కట్టిందే తప్ప గుక్క తగ్గలేదు.

లాక్‌డౌన్ సడలించారు గానీ జూ పార్కు ఇంకా తెరవలేదు. సెలవుల్లో సింహాల్ని చూపిస్తానని కూతురికి ఎప్పుడో మాటిచ్చాడు ఫిలిప్. అది కుదరక ఈ సఫారీని తనే నెత్తికెత్తుకున్నాడు. మాదాపూర్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ అతని ఉద్యోగం. శుభ్రంగా నడిచేదాన్ని కూడా ఎక్కడ చెడుతుందా అని పొడిచి పొడిచి చూడటమే పని. ఆ బుద్ధి ఇప్పుడు సఫారీ మీద పడింది.

జీపు వద్దు, సొంత కారే. డ్రైవరు వద్దు. బయటి తిండి అసలే వద్దు. వెనక తలుపులకి పిల్లలు తీయలేని లాక్. అది పనిచేస్తుందో లేదో చూడటానికి నల్లగండ్లలో తమ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో తనే వెనక సీట్లో కూర్చుని, తలుపేసుకుని, పిడి లాగి లాగి చూశాడు. తలుపు రాలేదు. మహా సంతోషపడి, ముందు సీట్లోకి పాక్కుంటూ వచ్చి బయటపడ్డాడు. వాచ్‌మన్ చూసి ఏమనుకున్నాడో ఏమో.

ఇంత హడావుడికీ కారణం ఉంది. పోయినసారి వెళ్లినప్పుడు, అల్లంత దూరాన కనబడగానే ఏంజెల్ తలుపు తీసుకుని పరిగెత్తింది. అటువైపు నుంచి కూడా రెండడుగులు పిల్ల వైపు పడ్డాయి. ఆ రెండడుగుల్ని ఫిలిప్ ఇప్పటికీ మరచిపోలేదు. గార్డు సాయిలు అడ్డంపడి పిల్లని పట్టుకోబట్టి సరిపోయింది.

అప్పట్నుంచీ ఏంజెల్ సరిగ్గా తినడం లేదు. మళ్లీ తీసుకెళ్లమని ఒకటే గోల.

“మీకేమైనా పట్టిందా బాబూ?” అంది అత్తగారు మార్తమ్మ. తెనాలి నుంచి మనవరాలిని చూడటానికొచ్చి, బస్సులు ఆగిపోయి ఇక్కడే చిక్కుకుపోయిన మనిషి. “పోయినసారంటే ప్రభువు కాపాడాడు. ప్రతిసారీ ఆయన్ని పరీక్షిస్తారా?”

“ఈసారి తలుపు రాదండీ అత్తయ్యగారూ. నేను చూశాను.”

“పిల్లకేమన్నా అయితే మెర్సీ తట్టుకుంటుందా?”

భార్య పేరు వినగానే ఫిలిప్ మెత్తబడ్డాడు. డ్యూటీలో ఉన్న మెర్సీకి ఫోన్ చేశాడు. ఈ మధ్య ఆమె ఫోన్ ఎత్తడమే గగనం. అదృష్టం కొద్దీ ఎత్తింది.

“వద్దండీ,” అంది. “పోయినసారి చూశారుగా. నాకు ఆ రాత్రంతా నిద్ర లేదు.”

“పిల్ల తినడం లేదు మెర్సీ.”



“సరే. ఎర్ర గౌను వెయ్యండి.”

“సఫారీకి ముదురు రంగులు పనికిరావంటారే,” అన్నాడు ఫిలిప్, ఆమెను నవ్వించాలని.

“ఎర్రదే వెయ్యండి,” అని పెట్టేసింది. నవ్వలేదు.

తర్వాత సాయిలుకి ఫోన్. ఈ సఫారీకి గేటూ అతనిదే, గైడూ అతనే.

“ఐదింటికల్ల రాండ్రి సార్. బయటికొచ్చే టైం గదే. బండి చెట్ల కింద వెట్టి ఇంజన్ బంద్ చేయుండ్రి. హారన్ గిట్ల కొట్టకుండ్రి. ఇగ పాపను దిగనిచ్చిండ్రంటే నా నౌకరీ పోతది, ముందే చెప్తున్న.”

“దిగనివ్వను సాయిలూ. ఫికర్ చెయ్యకు.”

ధైర్యంగానే అన్నాడు గానీ, ఫిలిప్ సెల్లార్‌కి వెళ్లి తలుపు లాక్ ఇంకోసారి చూసొచ్చాడు. ఈసారి తేడా వస్తే ఇంకో సఫారీ ఉండదు. సాయిలు ఒప్పుకోడు, మెర్సీ అసలే ఒప్పుకోదు. అప్పుడీ పిల్లకి ఏం చెప్పి అన్నం తినిపించాలి?

బయల్దేరే ముందు మార్తమ్మ మనవరాలి నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ఆమె ప్రార్థన మామూలుగానే పొడుగు. ఆ రోజు మరీ పొడుగు. ఏంజెల్ మధ్యలోనే రెండుసార్లు “ఆమెన్” అనేసింది.

కారు కొత్తగూడ దాటింది. మామూలు రోజుల్లో ఆ వేళకి బండి ముందుకు కదలని రోడ్డు అది. ఇప్పుడు దాని మధ్యలో వీధికుక్కలు దర్జాగా పడుకుని ఉన్నాయి. ఆఫీసుల అద్దాల వెనక ఒక్క లైటు లేదు.

“డాడీ, ఈసారి దగ్గరికి వస్తుందా?” అడిగింది వెనక సీట్లోంచి ఏంజెల్.

“రాదమ్మా. మనమూ వెళ్లకూడదు.”

“మాస్కు ఉంటే నన్ను గుర్తుపడుతుందా?”

“పడుతుందిలే,” అన్నాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

సాయిలు గేటు తీసి, మాట్లాడకుండా చేత్తోనే చోటు చూపించాడు. కానుగ చెట్ల నీడ. ఫిలిప్ ఇంజన్ ఆపాడు. తలుపుల లాక్ మరోసారి చూసుకున్నాడు. కూతురి చేతికి బైనాక్యులర్ ఇచ్చాడు.

లోపల ఒకటే ఉక్క. అద్దం దించడానికి లేదు. గౌను వీపుకి అతుక్కుపోయినా పిల్ల కదల్లేదు. ఫిలిప్‌కి మాత్రం కాలు నిలవడం లేదు. కనబడితే ఒక భయం, కనబడకపోతే ఇంకో భయం.

ఎదురుగా పొదల వెనక కదలిక.

ఏంజెల్ చెయ్యి తలుపు పిడి మీదికి వెళ్లింది. లాగింది. రాలేదు. బలమంతా పెట్టి మళ్లీ లాగింది. ఫిలిప్ వెనక్కి వంగి ఆ చిన్న చేతిని పట్టుకున్నాడు.

“రూల్, ఏంజెల్. రూల్.”

పిల్ల అరవలేదు. బైనాక్యులర్ కళ్లకి పెట్టుకుంది.

పొదల అవతల, కరోనా వార్డు వెనక మెట్ల మీద, ఒంటి మీది రక్షణ దుస్తులు విప్పేసి వచ్చిన నర్సు మెర్సీ, కూతురి వైపు చూస్తూ తన రెండు చేతులతో తననే గట్టిగా కావలించుకుంది.