మంగళవారం మెయిలు

"ఎందుకు మానేస్తున్నారు అని అడిగితే ‘ఇతర కారణం’ అని నొక్కావు. ఏంటది?" అంది అక్క, చెప్పులైనా విడవకుండా గుమ్మంలోనే నిలబడి.

చెల్లెలు కుట్టుమిషను ముందు నుంచి లేవలేదు. ఎవరిదో కిటికీ తెర, అంచు మడిచి కుడుతోంది.

"లోపలికి రా అక్కా. మంచినీళ్లు తాగుతావా?"

"నీళ్లు తర్వాత. ముందు ఇది చెప్పు."

అక్క బొమ్మలు వేస్తుంది. ఒకరి కింద ఉద్యోగం కాదు, ఇంట్లో ఒక గదే ఆమె దుకాణం. వేసినవి అమ్ముకోవాలి కాబట్టి ప్రతి మంగళవారం పొద్దున్నే ఒక మెయిలు పంపుతుంది. జ్వరమొచ్చినా వానొచ్చినా ఆ రోజు తప్పదు. ఆ మెయిళ్లు మాకూ పంపండి అని పేరిచ్చిన వాళ్లలో మొట్టమొదటిది చెల్లెలే. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గాని, మొదట్లో ఆ మెయిళ్లు తెరిచి చూసింది ఈ పెరటి చెట్టు ఒక్కటే. నిన్న ఆ చెల్లెలే ‘ఇక నాకు పంపవద్దు’ అని నొక్కేసింది. మానుకునేవాళ్లు రోజూ ఉంటారు, అక్క పట్టించుకోదు. దీనికి మాత్రం బస్సులు మారి వచ్చింది.

"ఫోను నిండిపోతోందక్కా. ఏవేవో వస్తుంటాయి."

"దుప్పట్ల కొట్టు వాళ్ల మెయిళ్లు ఇంకా వస్తున్నాయా?"

"వస్తున్నాయి."

"దుప్పట్లకు చోటుంది. నాకే లేదు."

చెల్లెలు మిషను మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది.

అక్క కుర్చీలోని బట్టల మూట పక్కకి నెట్టి కూర్చుంది. కోప్పడదామనే వచ్చింది. తీరా వచ్చాక కోపం రాలేదు. అమ్మ పోయిన దగ్గర నుంచీ ఆమెకు ఏదీ సరిగ్గా రావడం లేదు. ఏడుపైతే అసలే రాలేదు. అన్నం తింటుంది, నిద్రపోతుంది, పని చక్కగా చేసుకుంటుంది. లోపల మాత్రం తిమ్మిరెక్కిన కాలిలా ఉంది, గిల్లినా తెలియడం లేదు.

"ఏ మెయిలు నచ్చలేదో చెప్పు, మార్చుకుంటాను. మరీ పొడుగైందా? బొమ్మలు ఎక్కువయ్యాయా?"

"అందరినీ ఇలాగే ఇళ్లకెళ్లి అడుగుతావా?"

"అందరూ నా చెల్లెళ్లు కారు."

చెల్లెలికి నవ్వొచ్చింది. వచ్చినంత తొందరగానే పోయింది.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నాకు తిరగబడింది," అంది అక్క. "మొన్నమొన్నటిదాకా నా మొహం చూసినవాడు లేడు. ఇప్పుడు చేతినిండా పని. ఎక్కడెక్కడి వాళ్లో వాళ్ల అమ్మల ఫొటోలు పంపి బొమ్మ వేసిపెట్టమంటున్నారు. ఈ వారమంతా ఎవరి అమ్మకో జారిపోయే కళ్లజోడు దిద్దుతూ కూర్చున్నాను."

"మంచిదేగా."

"మంచిదే. అంతా ఆ ఒక్క మెయిలు చలవ. అమ్మ పోయిన రోజు రాసింది."

మిషను ఆగింది. దారం తెగినట్టుంది. చెల్లెలు కొన తడిపి సూదిలోకి ఎక్కించబోయింది. ఎక్కలేదు.

"ఆ రోజు నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు," అక్క చెప్పుకుపోయింది. "డాక్టరుతో మాట్లాడటం, సంతకాలు పెట్టడం, అందరికీ ఫోన్లు చెయ్యడం, అన్నీ అన్నయ్యే చూసుకున్నాడు. నువ్వూ సాయంత్రానికల్లా వచ్చేశావు. నేను ఆసుపత్రి బల్ల మీద బొమ్మలా కూర్చున్నాను. మంగళవారం కదా, మెయిలు పంపాలి అనిపించింది. ఇంకేమీ తోచలేదు. అమ్మ గురించి నాలుగు ముక్కలు రాసి పంపేశాను. ఎన్ని జవాబులొచ్చాయో తెలుసా? ముక్కూ మొహం తెలియనివాళ్లు చదివి ఏడ్చామని రాశారు. ఒకాయన అది చదివి, ఎన్నో ఏళ్లుగా మాటల్లేని వాళ్లమ్మకు ఫోన్ చేశాడట. నువ్వు మాత్రం ఒక్క ముక్క రాయలేదు."

"ఏం రాయమంటావక్కా?"

"చదివానని రాయొచ్చుగా. అన్నయ్యతో మాట్లాడతావు, మీ బావతో మాట్లాడతావు, నేను ఫోన్ చేస్తే మాత్రం పొయ్యి మీద ఏదో మాడిపోతోందంటావు. ఇప్పుడు ఇది కూడా మానేశావు. అమ్మను అమ్ముకున్నాననేగా నీ బాధ? అంటే అను. తిట్టు. తిడితేనన్నా నాకు ఏడుపొస్తుందేమో."

చెల్లెలు తలెత్తి చూసింది. అక్క గొంతు హెచ్చలేదు, తగ్గలేదు. కరెంటు బిల్లు గురించి మాట్లాడుతున్నట్టే ఉంది. చెల్లెలికి జాలేసింది.

"అలా ఎప్పుడూ అనుకోలేదక్కా. బాగా రాశావు. అమ్మ కళ్లకు కట్టింది."

"మరి?"

"మంగళవారం పొద్దున్న ఫోన్‌లో నీ పేరు కనబడితే చాలు, గుండె జారిపోతోంది. తెరవాలంటే భయం."

"నా మెయిలంటే భయమేంటే? బొమ్మలేగా ఉండేది."

చెల్లెలు సూదీ దారం వదిలేసింది. తెర మడత చేత్తో సాపు చేసింది, చేసిన చోటే మళ్లీ చేసింది.

"అన్నయ్య ఫోన్లు చేసింది నిజమే. నాకు మాత్రం నువ్వు చెప్పి ఉంటావనుకున్నాడట," అంది. "నాకొచ్చింది నీ మెయిలేనక్కా, ‘ప్రియమైన కళాభిమానికి, మా అమ్మ ఈ ఉదయం వెళ్లిపోయింది’ అని."