కోతుల మలుపు

నలభై ఒకటో రోజు కూడా పెంటమ్మ చక్కెర లేని చాయే తాగింది. కషాయం మింగినట్టు మొహం చిట్లించింది.

“ఫోన్ల దేవునికే మొక్కినవ్ గదా, ఫోన్లనే చక్కెర గూడ ఏసుకో,” అన్నాడు దుర్గయ్య. ముప్పై ఏళ్లు మేళ్లచెరువు సిమెంటు లారీలు నడిపిన మనిషి. భార్యను ఆటపట్టించినా హారన్ కొట్టినట్టే ఉంటుంది.

పెంటమ్మ మేనల్లుడు జీవన్ సూర్యాపేటలో గది కిరాయికి తీసుకుని, ఫోనులో ఆడే ఆట ఒకటి తయారుచేశాడు. పేరు ‘గుట్ట దర్శనం’. కొబ్బరికాయ పట్టుకున్న చిన్న బొమ్మ గుట్టెక్కాలి. ఐదు మలుపులు దాటితే గుడి తలుపులు తెరుచుకుంటాయి, నరసింహస్వామి దర్శనమిస్తాడు.

మోకాళ్లు పాడై నిజం గుట్ట ఎక్కలేని పెంటమ్మకు ఆ ఆట చూడగానే ప్రాణం లేచొచ్చింది. దర్శనమయ్యేదాకా చాయ్‌లో చక్కెర ముట్టనని అక్కడికక్కడే మొక్కేసుకుంది.

నాలుగు మలుపులు ఎట్లాగో దాటింది. ఐదోది కోతుల మలుపు. అటొకటి, ఇటొకటి దూకి కాయ లాక్కుపోతాయి. కాయ పోతే బొమ్మ మళ్లీ మొదటి మెట్టు మీద. పెంటమ్మ వేళ్లు వణుకుతాయి. కోతులకు ఆ సంగతి పట్టదు.

ఆ ఆదివారం జీవన్ కోదాడలో ఉన్న అత్త ఇంటికి వచ్చాడు. పెంటమ్మ వాణ్ని గుమ్మంలోనే పట్టుకుంది.

“ఏందిరా, గవి కోతులా, పిడుగులా? జర నిమ్మళంగ దూకమని చెప్పరాదు?”

“గట్ల అల్కగ చేస్తే మజా ఏముంటదత్తా? తొమ్మిది వేల మంది ఆడుతున్నరు. ఒక్కడన్న దాటలే. గదే దాని గొప్ప.”

“దేవుని కాడనే ముసలోళ్లకు వేరే లైనుంటది. నడవనోళ్లకు డోలీ ఉంటది. నీ ఫోనుకేం రోగం?”

“కష్టపడితెనే పుణ్యమత్తా,” అన్నాడు జీవన్. గుడి మొహం చూసి వాడికి ఎన్నేళ్లయిందో వాడికే తెలియదు.

పెంటమ్మ ఆలోచనలో పడింది. ‘నీ వేళ్లు వణుకుతున్నాయి, వెనక్కి పో’ అని దేవుడు ఎప్పుడైనా అన్నాడా? అనడు. అనేదంతా మధ్యలో ఉన్నవాళ్లే.

“పోనీ, లోపల సామి ఎట్లుంటడో అదన్న చెప్పు. కూసున్నడా, నిలబడ్డడా?”

“చెప్తే ఏముంటది? దాటినోళ్లకే,” అంటూ జీవన్ మిర్చి బజ్జీల పళ్లెం వైపు తిరిగాడు.

పెంటమ్మ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టింది. ఐదో మలుపు వచ్చింది. కోతి పళ్లు ఇకిలించింది. ఆ ఇకిలింపు చూడగానే పాత సంగతి గుర్తొచ్చింది. కాళ్లు బాగున్న రోజుల్లో నిజం గుట్ట మీద కోతి ఎదురొస్తే తనేం చేసింది? పరుగెత్తలేదు. కాయ మెట్టు మీద పెట్టి, ‘తినుపో’ అని, ఉత్త చేతులతో పైకెళ్లి దండం పెట్టుకుంది.

చేతిలోది కింద పెట్టడానికి ఆటలో మూలన ఒక గుర్తుంది. దాన్ని నొక్కింది. బొమ్మ వంగి కాయ పెట్టింది. కోతులన్నీ దాని చుట్టూ మూగాయి. బొమ్మ తాపీగా మెట్లెక్కింది.

గంటలు మోగాయి. తలుపులు తెరుచుకున్నాయి.

“దాటిన రోయ్!” అని కేకేసింది పెంటమ్మ.

జీవన్‌కు బజ్జీ గొంతులో అడ్డం పడింది. “ఎట్ల దాటినవే?”

“కాయ కోతులకే ఇచ్చేసిన. కాయ పోతేంది, దండమున్నది గద.”

దుర్గయ్య చాయ్ గ్లాసు, చక్కెర డబ్బా తీసుకుని ఉరికొచ్చాడు. పెంటమ్మ కళ్లు మూసుకుని చెంపలు వేసుకుని, మెల్లగా కళ్లు తెరిచింది. లోపలంతా చీకటి.

“హారతి ఇంకా ఎలిగించలేదు. ఆగుదాం,” అంది భక్తిగా.

పది నిమిషాలు గడిచాయి. చాయ్ మీద మీగడ కట్టింది. దుర్గయ్య చేతిలో చక్కెర చెంచా గాల్లోనే ఉంది.

“ఏరా జీవన్, హారతి ఎప్పుడిస్తరు?”

జీవన్ పళ్లెం కింద పెట్టి, తలుపు దగ్గరికి జరిగి నిలబడ్డాడు.

“తిట్టనంటే చెప్తనత్తా... లోపల ఏం లేదు, సామి బొమ్మ గీసుడు నాకు రాకనే, ఎవ్వరూ ఆడిదాక రావొద్దని గా కోతులను పెట్టిన.”