చెరువును చూస్తూ

“ఆగమ్మా! రేకు మీద గీత పడితే ఆ బొమ్మ ఇక రాదు.”

“రాకూడదనే గీస్తున్నాను నాన్నా.”

చెరువు గట్టున, ఒళ్ళో రాగి రేకు పెట్టుకుని బండమీద కూర్చుంది కూతురు. ఆమె చేతిలో తల్లి సూది ఉంది. బతికినన్నాళ్ళూ తల్లి ఆ సూదితోనే రేకుల మీద బొమ్మలు గీసి, ఆమ్లంలో ఉంచి, సిరా పట్టించి అచ్చులు తీసింది. కావలసినన్ని తీశాక, ఇంకెవరూ తీయకుండా రేకుకి అడ్డంగా గీత గీసేసేది. ఈ ఒక్క రేకుని మాత్రం అచ్చు తీయకుండానే గుడ్డలో చుట్టి దాచింది. ఆమె పోయాక తండ్రి, బడి మాస్టారు, తనే అచ్చు మర తిప్పి ఒక అచ్చు తీశారు. అది పట్టుకుని కూతుర్ని ఈ గట్టు మీదికి తీసుకొస్తే మనసు కరుగుతుందనుకున్నారు.

కరగలేదు.

వాళ్ళ వెనక ఆసుపత్రి ఉంది. చిన్నప్పుడు అంటురోగం వస్తే కూతుర్ని ఉంచింది అక్కడే. వచ్చినప్పటినుంచీ ఆమె ఒక్కసారి కూడా అటు తిరగలేదు.

“మంచం మీంచి లేవలేను. నెత్తిమీద గోడలో గుండ్రటి కిటికీ, అందులో కాస్త ఆకాశం. అమ్మేదీ అంటే, గట్టున బొమ్మ గీసుకుంటోందని చెప్పేది ఆయా. రోజూ అదే మాట.”

“అప్పుడు నీ తమ్ముడు కడుపులో ఉన్నాడు. లోపలికి రానివ్వలేదమ్మా. గేటు దగ్గర నిలబడినా కాపలావాడు తరిమేవాడట. నాకు బడి. తనొక్కతే వచ్చేది.”

“అందుకని నాకు మొహం చాటేసి, చెరువును చూస్తూ కూర్చుందా? ఎన్నిసార్లు దులిపేశాను! ఒక్కసారైనా నోరు విప్పిందా?”

తల్లి పనిముట్ల సంచిలోంచి ఆమె చేతి అద్దం తీసి పక్కన పడేసింది.

“పైగా ఇదొకటి! కూతురు చావుబతుకుల్లో ఉంటే ఇక్కడ సోకులు.”

“సోకా? మీ అమ్మ తల కూడా అద్దం చూడకుండానే దువ్వుకునేది.”

సూది మొన రేకు అంచుకి ఆనింది.

“ఒక్కసారి అచ్చు చూడు తల్లీ. ఆపైన నీ ఇష్టం.”

ఆమె విసురుగా కాగితం అందుకుని చెరువుకేసి చూసింది.

“చూశాను. ఎడమ పక్క వంతెన, కుడి పక్క గుట్ట. ఉన్నది ఉన్నట్టు దింపింది. ఎంత శ్రద్ధో!”

“ఉన్నది ఉన్నట్టా?” మాస్టారు కాగితం లాక్కున్నారు. “అలా రాకూడదే! చూసింది చూసినట్టు గీస్తే అచ్చులో తిరగబడుతుంది. వంతెన కుడి పక్కకి పోవాలి. సంతకం కూడా తిరగేసి గీసేది కదా మీ అమ్మ!”

“మరి ఇంత చెరువునీ తిరగేసి గీసిందా?”

మాస్టారి చూపు అద్దం మీద పడింది. దాన్ని సంచికి ఆనించి నిలబెట్టి, చెరువుకి వీపు పెట్టి దాని ముందు కూర్చున్నారు. అద్దంలో వంతెన కుడి పక్కన కనిపించింది.

“అదీ సంగతి. ఇందులో చూసి గీసింది. ఇలా వచ్చి కూర్చో.”

ఆమె వచ్చి ఆయన చోట కూర్చుంది. అద్దంలో చెరువు చూసింది. మెల్లగా, అద్దం మీదుగా తలెత్తింది.

ఎదురుగా, ఆసుపత్రి గోడలో, ఆ గుండ్రటి కిటికీ.